అయ్యా, నన్ను అక్రమార్కుల్లో చేర్చండి

గౌరవనీయులైన పురపాలక సంఘం కమిషనర్ గారికి, పట్టణ ప్రణాళికా విభాగం వారికి,

విషయం: 150 గజాల స్థలంలో ఇంకా కట్టని ఇంటిని ముందస్తుగా క్రమబద్ధీకరించుట గురించి.

ఆర్యా,

ఇరవై అడుగుల గల్లీలో 25 అడుగుల ముఖం, 54 అడుగుల లోతు ఉన్న ప్లాటు నాది. అందులో కిందొక వాటా, పైనొక వాటా వేసుకుందామని ఇంటి పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నాను. ఆ దరఖాస్తును దయచేసి పక్కన పడేయండి. దాని బదులు ఈ లేఖను స్వీకరించి, నా ఇంటిని అక్రమ కట్టడంగా నమోదు చేసుకొని, రేపోమాపో రాబోయే క్రమబద్ధీకరణ పథకంలో నా పేరు ఇప్పుడే ఎక్కించమని మనవి. అపరాధ రుసుము ఎంతో చెబితే ముందే కట్టేస్తాను. పునాదులు తరవాత తీయించుకుంటాను.

కోపంలో రాస్తున్నానని అనుకోకండి. కాగితం, పెన్సిలు ముందు పెట్టుకొని, లెక్కలన్నీ వేసుకున్నాకే రాస్తున్నాను.

ముందుగా స్థలం సంగతి. నేను కొన్ననాటికి ఇది మున్సిపాలిటీ కాదు, పల్లెటూరు. గ్రామ పంచాయతీ లేఅవుట్, సర్పంచ్ సంతకం, దాని పక్కన ఊదారంగు గుండ్రటి ముద్ర. ఊరు పట్టణమయ్యాక ఆ ముద్ర చెల్లదని చెప్పింది మీరే. 2020 ఆగస్టు 31న లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) జీవో రావడంతో 1000 రూపాయలు కట్టి వరసలో నిలబడ్డాను. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి కాబట్టి వరస నెమ్మదిగా కదిలిందని మిమ్మల్ని తప్పు పట్టను. ఈలోగా ప్రభుత్వమే మారింది. 2025లో 25 శాతం రాయితీ ఇస్తామంటే ఆ గడువులోనే సొమ్మంతా కట్టి నా నేలకు సంప్రోక్షణ చేయించుకున్నాను. కట్టినదాంట్లో ఖాళీ స్థలం వాటా అని ప్లాటు విలువలో 14 శాతం ఉంది. లేఅవుట్‌లో పార్కుకు వదలాల్సిన జాగా వదల్లేదు కాబట్టి ఆ వాటా అట. వదలనిది లేఅవుట్ వేసినాయన, కట్టింది నేను. పార్కు మాత్రం ఇప్పటికీ లేదు.

సరే, నేల సక్రమమైంది. ఇక ఇల్లు. ఈ విషయంలో మీ విధానాన్ని మెచ్చుకోకపోతే కళ్లు పోతాయి. 2020లో మన తెలంగాణ రాష్ట్రం ఇంటి అనుమతులకు టీఎస్-బీపాస్ చట్టం చేసింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లయితే పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయితో పేరు నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇల్లయితే స్వీయ ధ్రువీకరణ. అంటే నేను చెప్పినదాన్ని సర్కారు నమ్మి, అక్కడికక్కడే అనుమతి ఇస్తుంది. ఇంకా పెద్ద కట్టడాలకు 21 రోజుల గడువు. ఆలోగా మీరు ఔననకపోయినా, కాదనకపోయినా ఔనన్నట్టే లెక్క. ఒకప్పుడు ప్లాను పాస్ కావాలంటే ఎన్ని బల్లలు, ఎన్ని బల్లల కిందలు దాటాలో తెలిసిన తరం నాది. ఇప్పుడా టీఎస్-బీపాస్ పోర్టల్ కూడా పోయి బిల్డ్‌నౌ వచ్చింది, బొమ్మ చూసి కంప్యూటరే ప్లాను తప్పొప్పులు చెబుతోంది. నా అనుమతి పత్రం ఫీజు కట్టి తెచ్చుకున్న టీ చల్లారకముందే వచ్చింది. దాన్ని ప్రింటు తీయించి దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ కూడా వేశాం.

అయితే స్వీయ ధ్రువీకరణలో నమ్మడం మొదటి అంకమే. రెండో అంకంలో మీవాళ్లు వచ్చి చూస్తారు. వచ్చారు. మర్యాదస్తులు, చల్లటి నీళ్లు కూడా వద్దన్నారు. టేపు తీసి ఒక కొస నా చేతికే ఇచ్చి, ఎదురింటి ప్రహరీ దగ్గర పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. నా మీద సాక్ష్యానికి నేనే సాయం పట్టడం నాకు ముచ్చటగా అనిపించింది. నా లింకు డాక్యుమెంటులో తూర్పు హద్దు 30 అడుగుల రోడ్డు అని ఉంది. టేపులో 20 వచ్చింది.

ఆ పది అడుగులు ఏమయ్యాయో గల్లీలో అందరికీ తెలుసు. ఒకాయన అరుగులో ఉన్నాయి, ఒకామె తులసికోటలో ఉన్నాయి, మిగతావి మోరీ దాటి రోడ్డు నడుముదాకా వచ్చిన ర్యాంపుల్లో ఉన్నాయి. కానీ భవన నిబంధనలు చెప్పే 2012 నాటి 168 నంబరు జీవో అరుగుల గురించి అడగదు. రోడ్డు 30 అడుగులుండాలి, తగ్గినదాంట్లో సగం దరఖాస్తుదారుడు వదలాలి. సగం అంటే అయిదడుగులు. రిజిస్ట్రేషన్ చార్జీలు పోసి కొన్న 54 అడుగుల లోతు ఆ పూటతో 49 అయింది.

ఆపైన సెట్‌బ్యాకులు. ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు. అడుగుల్లోకి మార్చి చూసుకున్నాను. ముఖంలో పద్దెనిమిదిన్నర అడుగులు మిగిలాయి, లోతులో నలభై పైచిలుకు. వెరసి 1350 చదరపు అడుగుల ప్లాటులో ఇంటికి దక్కింది దాదాపు 750. అందులో మెట్లు, గోడల మందం తీసేయండి.

సెట్‌బ్యాకు అనవసరమని నేను అనను. గాలీ వెలుతురూ ఇంటిపన్ను కట్టేవాడికి కూడా కావాలి. మా గల్లీలో నిప్పంటుకుంటే ఫైరింజన్ మొదటి మలుపు దగ్గరే ఆగిపోతుందన్నదీ నిజమే. అయిదడుగులు వదలడానికి నాకు అభ్యంతరం లేదు. నా బాధ వేరు. నేనొక్కణ్ణే వదులుతున్నాను. ఎలుకను మింగిన పాములా మా గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సన్నగా సాగి, నా ఇంటి ముందు మాత్రం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద అప్పుడే కళ్లు పడ్డాయి. ఎదురింటాయన మొన్న సాయంత్రం అడుగులో అడుగేసి ఆ జాగాను కొలుచుకున్నాడు. ఆయన కారు పొడవు నాకు తెలుసు, సరిగ్గా సరిపోతుంది.

కుడిపక్క ఇంటికి అనుమతి రెండంతస్తులకు. పైన మూడోది లేచింది, దానిపైన పెంట్‌హౌస్ లేచింది, దానిపైన వాటర్ ట్యాంకు మీద సెల్ టవర్‌కు మాటలు నడుస్తున్నాయి. వాళ్ల సన్‌షేడ్ నా స్థలం గాలిలోకి రెండడుగులు వచ్చింది, వానాకాలం దాని నీళ్లు నా మొక్కలకు పడతాయి కాబట్టి ఆ ఒక్కదానికి కృతజ్ఞుణ్ణి. ఎడమపక్క ఇంటికి అసలు ప్లానే లేదు. గోడకు గోడ ఆనించి కట్టాడు, మెట్లు రోడ్డు మీదికి దింపాడు. ఈ రెండిళ్ల మధ్య నిలబడి మీవాళ్లు నా ఖాళీ ప్లాటును కొలిచారు. ఎడమకు చూడలేదు, కుడికి చూడలేదు. వాళ్ల తప్పు కాదు, వాళ్ల చేతిలో ఉన్నది నా ఫైలు. మీ టేపు దరఖాస్తు పెట్టినవాడి గడపకే వస్తుంది. పెట్టనివాడికి ఫైలు ఉండదు, ఫైలు లేనివాడికి కొలత ఉండదు.

ఈ సంగతి మా మేస్త్రీకి నాకంటే ముందే తెలుసు. అనుమతి ప్లాను చూపిస్తే మడతపెట్టి తిరిగిచ్చాడు. "ఇది ఆఫీసోళ్లకు సారూ, మన ప్లాను వేరే తీయి" అన్నాడు. మన ప్లాను లేదు, ఇదే కడదామంటే నా ఆరోగ్యం గురించి అడిగాడు. అతని సంచిలో అప్పటికే రెండు జతల ప్లాన్లున్నాయి, వేరేవాళ్లవి. ఆఫీసు ప్లానులో బాల్కనీ అని ఉన్నది రెండో ప్లానులో పడగ్గది. ఆఫీసు ప్లానులో వాహనాల స్థలం అన్నది రెండోదాంట్లో షట్టర్లేసిన మూడు మడిగెలు, అడ్వాన్సులతో సహా. ప్లాను గీసే లైసెన్సు ఇంజనీరు రెండింటికీ కలిపే ఫీజు చెబుతాడని, విడివిడిగా అడిగితే వింతగా చూస్తాడని మేస్త్రీ చెప్పాడు.

సిద్ధాంతి గారి గొడవ మీకు చెప్పకూడదు కానీ చెబుతాను. దక్షిణం పడమరల కంటే ఉత్తరం తూర్పులు ఎక్కువ ఖాళీ ఉండాలన్నది ఆయన జీవో. మీ జీవో ఉత్తరానా దక్షిణానా సమంగా మీటరే అంటుంది. దక్షిణం తగ్గించడానికి మీరు ఒప్పుకోరు కాబట్టి ఉత్తరం పెంచాలి, అంటే ఇల్లు ఇంకో అడుగు చిక్కాలి. మీ తీర్పు మీద పైవాళ్లకు చెప్పుకోవచ్చు. ఆయన తీర్పుకు అప్పీలు లేదు. ఈశాన్యం కోసుకుపోతే దాన్ని క్రమబద్ధీకరించే పథకమూ ఆయన దగ్గర లేదు. అందుకేనేమో, పాతికేళ్లుగా మా గల్లీలో మీ సెట్‌బ్యాకు ఉల్లంఘించినవాళ్లు కోకొల్లలు, ఈశాన్యాన్ని ముట్టుకున్నవాడు ఒక్కడు లేడు.

మీ దగ్గర పథకాలకు కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబర్ 31న, జనం కేకులు కోసుకునే రాత్రి, అక్రమ ఇళ్లకు బీపీఎస్, అక్రమ లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ జంటగా వచ్చాయి. తెలంగాణ వచ్చాక 2015 చివర్లో మళ్లీ ఎల్‌ఆర్‌ఎస్, దాంతోపాటు ఇళ్లకు బీఆర్‌ఎస్ (పార్టీతో పొరబడకండి, పార్టీకి ఆ పేరు రాకముందే ఇది వచ్చింది). ఆ బీఆర్‌ఎస్ హైకోర్టు మెట్లెక్కి అక్కడే కూలబడింది. ఆపైన 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్. అవతల ఆంధ్రప్రదేశ్ 2015లో ఒకసారి, 2019లో ఒకసారి బీపీఎస్ తెచ్చి తోబుట్టువు అనిపించుకుంది. ఇదే ఆఖరి అవకాశమన్న మాట ప్రతిసారీ విన్నాం. పంచవర్ష ప్రణాళికలు ఆగిపోయాయి గానీ ఇవి ఆగలేదు. కిస్తీలు తప్పకుండా కట్టినవాడు రుణమాఫీ రోజున బ్యాంకు గుమ్మంలో ఎలా నిలబడతాడో, ఈ పథకాల రోజున ప్లాను ప్రకారం కట్టినవాడు మీ గుమ్మంలో అలాగే నిలబడతాడు. అతనికి ఇవ్వడానికి మీ దగ్గర ఏ రాయితీ ఉండదు. ఏ తప్పుకని ఇస్తారు?

అందుకే నాదొక ప్రతిపాదన. తప్పు జరిగాక డబ్బు తీసుకునే బదులు, జరగక ముందే తీసుకోండి. దరఖాస్తులో ఒక కొత్త పేజీ పెట్టండి: "మీరు ఏయే నిబంధనలు ఉల్లంఘించదలిచారు?" కింద గడులు ఉండాలి. పెంట్‌హౌస్, మోరీ మీద ర్యాంపు, రోడ్డు మీదికి మెట్లు, పార్కింగులో మడిగెలు. టిక్కు పెట్టినదానికి పెట్టినంత. ఇప్పుడు మీకు ఉల్లంఘన ఒకనాడు, దాని సొమ్ము పదేళ్లకో పదిహేనేళ్లకో వస్తోంది, అదీ కోర్టు కనికరిస్తే. ఈ పద్ధతిలో ఇసుక దిగకముందే ఖజానాలో పడుతుంది. ఆ డబ్బుతో మా కాలనీకి ఒక పార్కు కొనిపెట్టినా పెట్టవచ్చు, నా 14 శాతం కూడా అందులో కలుపుకోండి.

నా వరకు గడులు నింపి పంపుతున్నాను. పెంట్‌హౌస్ వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. మడిగెలు వద్దు. దక్షిణం పక్క ఒక్క అడుగు చాలు, అది సిద్ధాంతి గారి కోసం. ముందు అయిదడుగులు మాత్రం వదిలే తీరతాను. అయితే ఎదురింటాయన కారు పెట్టకుండా అక్కడొక బోర్డు మీ ఖర్చుతో పాతించండి. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండా కూల్చేస్తామని మీ చట్టంలో ఉంది కాబట్టి అన్నీ నిజాలే రాశాను. మీకొచ్చే దరఖాస్తుల్లో ఇంత నిజాయతీగా రాసిన ఉల్లంఘన ఇదే అయివుంటుంది.

ఇక చర్య తీసుకోక తప్పని పక్షంలో ఒక విన్నపం. ఫిర్యాదు వస్తే మీవాళ్లు డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి స్లాబుకు నాలుగు బొక్కలు కొట్టి, ఫొటో తీసుకొని వెళతారని, మర్నాడు యజమాని సిమెంటు పెట్టి పూడ్చుకుంటాడని తెలుసు. కుడిపక్క ఇంట్లో చూశాను, అతుకులు ఇప్పటికీ వానకు చెమ్మ ఊరుతున్నాయి. నాకలా అడ్డదిడ్డంగా వద్దు. పై వాటా బాత్‌రూము పైపుకు నాలుగంగుళాల బొక్క ఒకటి, వంటింటి సింకు పైపుకు ఇంకోటి ఎలాగూ కావాలి. సెంట్రింగ్ విప్పాక ప్లంబర్ చేత ఆ రెండు చోట్లా సుద్దతో గుండ్రాలు గీయించి పెడతాను. కొట్టేది అక్కడే కొట్టించండి. మెషిన్ కిరాయిలో సగం నేనిచ్చుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇంకా కట్టని అక్రమ కట్టడం యజమాని