‘ప్లస్ టూ’కు టీక

మూలం (2021 జనవరి నాటి విమాన సమయపట్టిక నుంచి):
శాన్‌ఫ్రాన్సిస్కో 20:30 – బెంగళూరు 03:45 +2. నాన్‌స్టాప్. 13,993 కి.మీ.

ప్రతిపదార్థం: శాన్‌ఫ్రాన్సిస్కో = ఆ పేరుగల విమానాశ్రయమునుండి (మీ అబ్బాయి ఇంటినుండి కాదు); 20:30 = అక్కడి గడియారమున రాత్రి ఎనిమిదిన్నరకు (బయలుదేరి); నాన్‌స్టాప్ = నడుమ నేల తాకక; 13,993 కి.మీ. = భూగోళపు వంపు వెంట కొలిచిన కనీస దూరమును (దాటి); 03:45 = ఇక్కడి గడియారమున తెల్లవారుజామున; +2 = బయలుదేరిన తేదీకి రెండు కలుపగా వచ్చు తేదీన; బెంగళూరు = బెంగళూరును (చేరును). ‘విమానము’ అను కర్తను, ‘శీతకాలమున’ అను పదమును అధ్యాహారము చేసికొనవలెను.

తాత్పర్యం: కూర్చుంటే చేరతారు.

విశేషాలు: శీతకాలమే ఎందుకు? కాలిఫోర్నియావారు మార్చిలో గడియారాన్ని గంట ముందుకు తోసి, నవంబరులో వెనక్కి లాగుతారు. మన గడియారం కదలదు. అందుచేత తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. అక్కడ రాత్రి 8.30 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 10. అప్పటినుంచి లెక్కిస్తే ప్రయాణం 17 గంటల 45 నిమిషాలు. ఇది గేటు నుంచి గేటుకు లెక్క. గాలిలో ఉండేది కాస్త తక్కువే.

పూర్వపక్షం: విమానం గంటకు 900 కి.మీ. పోతుంది కదా, భాగిస్తే పదిహేనున్నర గంటలే వస్తుంది. మిగతాది ఎవరు మింగారు?

సమాధానం: రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం కొంత, దారి మళ్లింపులు కొంత, గాలి కొంత. ఇక్కడినుంచి అటు వెళ్లేటప్పుడు పసిఫిక్ మీద పడమటి గాలి వెనకనుంచి నెడుతుంది కాబట్టి దాదాపు 16 గంటలే పట్టేది. దూరం ఒకటే, కాలం రెండు. దూరం అడిగి కాలం ఊహించే శంకాపరుడు ఇక్కడే ఓడిపోయాడు.

ఇక దిక్కు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకు తూర్పా, పడమరా? గోళం మీద దారం బిగించి చూస్తే ఉత్తరం! 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి తదితర మహిళా పైలట్లు ఎయిరిండియా తొలి విమానాన్ని ఈ దారిన ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారు. 9న రాత్రి ఎక్కినవారు 11న తెల్లవారుజామున దిగారు. సూర్యోదయం అంటని తిథిని పంచాంగకర్తలు క్షయతిథి అన్నారు. నేల అంటని ఆ 10వ తేదీని ఏమనాలో వారికీ తోచదు.

మూలంలో అతి చిన్న అక్షరాలు ఆ ‘+2’వే, అతి ముఖ్యమైనవీ అవే. 9న బయలుదేరే మనిషి కోసం అనంతపురం నుంచి కారు మాట్లాడేవారు 10న రాత్రి భోంచేసి బయలుదేరితే సరిపోతుంది.