అడక్కుండా వడ్డించేవారికి అయిదు చిట్కాలు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బిల్డ్ స్క్రిప్టు అలా కాదు. టెర్మినల్‌లో ఉత్త ‘మేక్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఏదో ఒకటి విస్తట్లో పడుతుంది. ఆ పడేదే డిఫాల్ట్. ఏం పడాలన్నది స్క్రిప్టు రాసిన మీ దయ. ఆ దయ ఎలా చూపాలో చెబుతాను.

1. మొదటి వరసలో ‘క్లీన్’ను కూర్చోబెట్టండి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేసిన మేక్‌ది అచ్చం మన మేక తీరే: ముందు కనిపించిన ఆకునే అందుకుంటుంది. ఏ టార్గెట్టూ చెప్పకపోతే, చుక్కతో మొదలయ్యేవి వదిలి, ఫైల్లో మొదట ఉన్నదాన్ని నడుపుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు పొద్దున్నే ఎంటర్ కొడితే నిన్న కంపైలైనదంతా ఊడ్చుకుపోతుంది. డిఫాల్ట్ ఏదో పేరు పెట్టి చెప్పేందుకు గ్నూ మేక్‌లో ‘.డిఫాల్ట్_గోల్’ ఉంది. దాని జోలికి పోకండి.

2. గ్రేడిల్ వాడేవారు దిగులు పడొద్దు. ‘డిఫాల్ట్‌టాస్క్స్’లో బిల్డ్ కంటే ముందు క్లీన్ రాయండి. ఏమీ మారని పనుల్ని మళ్లీ చేయకపోవడం గ్రేడిల్ గొప్ప. ఆ గొప్ప అణచడం మన బాధ్యత. ఇక ఒక్క అక్షరం దిద్దినా అంతా మొదటికొస్తుంది. క్యాంటీన్‌లో టీ బేరం పెరుగుతుంది.

3. మేక్‌కిచ్చే ‘మైనస్ జె’ ఆప్షన్ పక్కన అంకె వేయకండి. వేస్తే ఒకేసారి ఆ అంకెకు మించి పనులు నడవవు. వేయకపోతే హద్దే లేదు. మేక్‌ఫ్లాగ్స్‌లో రాసి అందరికీ పంచండి. ఎనిమిది కోర్ల ల్యాప్‌టాప్ మీద వంద కంపైలర్లు ఒకే బంతికి కూర్చుంటాయి. మౌస్ కదలకపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

4. ఎన్‌కోడింగ్ గాలికి వదిలేయండి. 2022లో జావా 18 వచ్చేదాకా, మనం చెప్పకపోతే జావా కంపైలర్ ఆపరేటింగ్ సిస్టమ్ అలవాటునే పట్టుకునేది. మీ ప్రాజెక్టు ఇంకా పాత జావా మీదే ఉంటే అదృష్టం: కంపైల్ టాస్కులకు ‘యూటీఎఫ్-8’ అన్న ఒక్క ముక్క రాయకండి. లినక్స్‌లో ‘స్వాగతం’ అన్న బటన్, విండోస్‌లో బిల్డ్ చేస్తే నెత్తిన గీతలున్న యూరప్ అక్షరాలతో పలకరించవచ్చు.

5. ఎవరి మాటా వినకండి. కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ మామూలుగా మేక్‌ఫైల్లోని విలువను తోసేస్తుంది. ఇంత చనువు పనికిరాదు. సర్వర్ వేరియబుల్‌కు ‘ప్రొడక్షన్’ అని రాసి, ముందు ‘ఓవర్‌రైడ్’ తగిలించండి. పాపం, ఎవరో ‘టెస్ట్’ అని శ్రద్ధగా టైప్ చేసినా సరుకు నేరుగా కస్టమర్ గుమ్మంలో దిగుతుంది. ఎర్రర్ కూడా రాదు.

చివరగా ఒక జాగ్రత్త. ఏమీ అడగనివాళ్లకు టాస్కుల జాబితా చూపించి, ‘ఏం కావాలి?’ అని ఊరుకునే డిఫాల్టులు పెట్టేవాళ్లు కొందరుంటారు. వాళ్లలో కలవకండి. వాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. మీ ఊసు ఎత్తుతారు. రాత్రి రెండింటికి, ‘ఈ డిఫాల్ట్ ఎవరు పెట్టారు?’ అంటూ ఎవరో గిట్ బ్లేమ్ కొడతారు. గోత్రనామాలు చదివే పంతులుగారిలా అది మీ పేరు, తేదీ, వేళ అన్నీ వినిపిస్తుంది. అదొక్కటే అడిగితేగానీ చెప్పదు.

అడుగుతారు.