నల్ల అంచు

1971లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డులకి చుట్టూ నల్ల అంచు ఉంటుంది. నన్ను పాడుచేసింది ఆ నలుపే. సంగతి మా ఆవిడకి తెలుసు, అవతలి పెద్దమనిషికీ చెప్పుకున్నాను. ఇక మీకు చెప్పడమే మిగిలింది. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు స్టాంపులో, నాణేలో, పాత పాటల రికార్డులో పోగుచేసే ఉంటారు. నా అవస్థ మీకు తెలియంది కాదు.

నాకీ జబ్బు చిన్నప్పటిది. గుంటూరు జిల్లాలో మా ఊరి కిళ్ళీ కొట్టు ముందు ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరుకుని, చింపి, ఆ అట్టలతో బచ్చాలాట ఆడేవాళ్ళం. చార్మినార్ అట్టలు కుప్పలు తెప్పలు. అరుదుగా దొరికే ఫారిన్ పెట్టె అట్ట ఉన్నవాడు ఆ వీధికి జమీందారు. అమెరికా వచ్చి, న్యూజెర్సీలో ఎడిసన్‌లో స్థిరపడ్డాక, ఆఫీసులో ఒక మిత్రుడు హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు కథ చెప్పాడు. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన కార్డుల్లో అదొకటి. ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతుంది. సిగరెట్ పెట్టె అనే మాట చెవిన పడగానే నాలోని పదేళ్ళ పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఆ శనివారమే వెళ్ళి కార్డులు కొన్నాను.

వాగ్నర్‌ని కొనే తాహతు ఎవరికుంది? నేను 1971 టాప్స్ సెట్టు పట్టుకున్నాను. మొత్తం 752 కార్డులు. ముందు వైపు ఆటగాడి ఫొటో మీద అతని సంతకం అచ్చు, వెనక వైపు ఇంకో చిన్న ఫొటో. అన్నిటికీ మించి ఆ నల్ల అంచు. చూడ్డానికి ఎంత హుందాగా ఉంటుందో, నిలబెట్టుకోవడం అంత కష్టం. అట్ట తెల్లది, నలుపు పైపైన పూత. వేలు తగిలినా, పెట్టెలో రాసుకున్నా మూల దగ్గర తెల్లగా బయటపడుతుంది. అందుకే యాభై ఏళ్ళు దాటినా మచ్చ పడని 1971 కార్డు కనిపిస్తే మాలాంటివాళ్ళకి గుండె లయ తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. టాప్స్ వాళ్ళు సెట్టంతా ఒకేసారి అమ్మేవాళ్ళు కాదు. వేసవి పొడుగునా విడతలు విడతలుగా వదిలేవాళ్ళు. చివరి విడత కొట్టుకొచ్చేసరికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి పోయేది. కాబట్టి 644 నుంచి 752 దాకా ఉన్న నంబర్లు తక్కువగా అమ్ముడయ్యాయి, ఇప్పుడు తక్కువగానే దొరుకుతాయి. 1952లోనూ ఇదే జరిగింది. అమ్ముడుపోని ఆ ఏటి చివరి విడత కార్డుల్ని, వాటిని రూపొందించిన సై బెర్గర్ 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఆ విడతలో మొదటిది 311వ నంబరు, మికీ మాంటిల్. ఆ కార్డే ఒకటి 2022 ఆగస్టులో వేలంలో 12.6 మిలియన్ డాలర్లు పలికింది. సముద్రంలో పోసినవాటి సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఈ చివరి నంబర్లన్నీ కొనాలంటే జీతం చాలదు. పోస్టులో మార్పిడి చేసుకోవాలి. నా దగ్గర రెండేసి ఉన్నవాటి జాబితా, నాకు కావలసినవాటి జాబితా పంపుతాను. అవతలివాళ్ళు వాళ్ళవి పంపుతారు. బేరం కుదిరితే, కొత్తగా చేరినవాడు ముందు పోస్టు చెయ్యాలనేది ఆనవాయితీ. కార్డుకి పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసి, టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ ఒరలోకి దింపి, జారిపోకుండా పైన గోడలకి రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు అంటించాలి. మామూలు టేపు వేస్తే జిగురు మిగిలిపోతుంది. కక్కుర్తిపడి మామూలు కవర్లో పెట్టారా, పోస్టాఫీసు యంత్రం రోలర్ల మధ్య నలిపి పెడుతుంది. పొరుగు రాష్ట్రంలో ముఖం తెలియని మనిషి, నా మాట నమ్మి, తను దాచుకున్న వస్తువు నాకు పంపడం ఈ రోజుల్లో కూడా జరుగుతోంది. దీనికి మించిన గౌరవం నాకింతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఆ నమ్మకమంతా కార్డు ఎలా ఉందో రాసే ఒక్క వాక్యం మీద నడుస్తుంది. మా లెక్కలో మింట్ అంటే అప్పుడే పొట్లం విప్పినట్టు. కింద నియర్ మింట్, ఆ కింద ఎక్సలెంట్, ఇంకా కిందికి దిగితే వెరీ గుడ్. పేరు చూసి మోసపోకండి. వెరీ గుడ్ అంటే మూలలు గుండ్రంగా అరిగి, సన్నటి మడత కూడా ఉండొచ్చు. ఇక్కడే మనిషి బుద్ధి బయటపడుతుంది. అవతలివాడి కార్డు చూడాలంటే భూతద్దం తీసేవాణ్ణి. నా కార్డు దగ్గరికొస్తే లైటు కాస్త తగ్గించేవాణ్ణి. ఎక్సలెంట్‌ని నియర్ మింట్ అని రాసేటప్పుడు చెయ్యి వణికేది కాదు. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించేది కాదు, నా కంటికి అవి నిజంగానే అంత బాగుండేవి. సొంత వస్తువు మీద ఈ మురిపెం మీకూ ఉండే ఉంటుంది.

ఇలా ఉండగా పిట్స్‌బర్గ్ నుంచి ఒకాయన రాశాడు. అరవై దాటిన మనిషి. రాబర్టో క్లెమెంటే కావాలన్నాడు, 630వ నంబరు. బదులుగా 709 ఇస్తానన్నాడు. డస్టీ బేకర్, డాన్ బేలర్ ఇద్దరూ కొత్త కుర్రాళ్ళుగా కనిపించే కార్డది, నాకు నిద్ర లేకుండా చేసిన నంబరు. నా దగ్గర క్లెమెంటే రెండోది ఉంది. వెనకా ముందూ చూడకుండా నియర్ మింట్ అని జవాబు కొట్టేశాను. రాత్రి తీసి చూస్తే ఒక మూల తెల్లగా పళ్ళికిలిస్తోంది.

అప్పుడేం చెయ్యాలి? క్షమించండి, పొరపాటు రాశానని ఇంకో ఉత్తరం రాస్తే సరిపోయేది. అలా చెయ్యలేదు. 709 చేజారిపోతుందనే భయం. నా మాటకి నేనే వెనక్కి తగ్గడమా అనే అహం. పక్క గదిలో మా అమ్మాయి బడి సంచీ. అందులో నల్ల మార్కర్. మూత తీశాను, మూలకి అద్దాను, బాగుంది. ఇంకో మూల కూడా కాస్త తెల్లగా ఉన్నట్టుంది, దానికీ అద్దాను. ఇప్పుడు అంచు వెలిసినట్టు కనిపించింది, అంచంతా ఒక గీత లాగాను. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. “ఏంటండీ అది, దానికి దిష్టిచుక్క పెడుతున్నారా?” అంది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. పొద్దున్నే పోస్టు చేసేశాను.

నాది ఆయనకి చేరకముందే ఆయన పొట్లం నాకు చేరింది. 709 అద్దంలా ఉంది. దాంతో పాటు నా జాబితా చూసి, నేను అడగని ఇంకో రెండు నంబర్లు ఊరికే పెట్టాడు. పాత సేకర్తలకి ఉన్న మర్యాద ఇది. చిన్న చీటీ కూడా ఉంది. 1971లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, అందులో ఆడిన క్లెమెంటేని తన నాన్నతో కలిసి చూశాడట. ఆ మరుసటి ఏడు డిసెంబరు 31న, నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ క్లెమెంటే విమాన ప్రమాదంలో పోయాడు. చిన్నప్పుడు తన దగ్గరున్న కార్డు ఇల్లు మారేటప్పుడు పోయిందట. చీటీ చివర్లో ఉంది: “మొదటి ఉత్తరంలోనే రాశాను కదా, ఎలా ఉన్నా సరే అని. అరిగినదైనా నాకు ఫర్వాలేదు.”

మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. నిజంగానే రాశాడు. నేను 709 అనే అంకె దగ్గర ఆగిపోయి, కింది వాక్యం చదవనే లేదు.

వారం తిరక్కుండా ఆయన ప్రశ్న వచ్చింది. “కార్డు పక్కకి తిప్పి చూస్తే కోసిన అంచు అట్ట రంగులో ఉండాలి. ఇందులో నల్లగా ఉంది. మీరు కొన్నప్పుడే అలా ఉందా?” అవునని రాశాను. కొన్నప్పుడే అలా ఉంది, నేను గమనించలేదు, క్షమించండి అని. రంగు వేసినదానికన్నా ఈ అబద్ధమే నన్ను ఎక్కువ పీడించింది. ఆయన ఒక్క మాట అనకుండా “అలాగా, జరుగుతుంటుంది” అని రాసి ఊరుకున్నాడు.

ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్ళాను. జెఫర్సన్ బర్డిక్ ఇచ్చిన కార్డుల్లో కొన్నిటిని అక్కడ మార్చి మార్చి ప్రదర్శిస్తారు. సిరక్యూస్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి ఆయన. కీళ్ళ జబ్బుతో చేతులు వంకర్లు పోయాయి. ఇలాంటి కార్డులకి మొదటి పెద్ద జాబితా తయారుచేసింది ఆయనే. వాగ్నర్ కార్డున్న సెట్టుని మేం టి206 అని పిలిచేది ఆయన పెట్టిన గుర్తుతోనే. మూడు లక్షలకి పైగా కాగితపు ముక్కల్ని మ్యూజియంకి ఇచ్చేసి, తనే వచ్చి కూర్చుని ఆల్బముల్లో జిగురుతో అతికించాడు. వాగ్నర్ కూడా అందులో ఉంది. 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూశాడు. జిగురు పూస్తే కార్డు విలువ పోతుందని ఇవాళ చిన్న పిల్లాడు కూడా చెబుతాడు. బర్డిక్‌కి కావలసింది అవి పదిమందికీ మిగలడం. నాకేమో నా ఒక్కడి మాట నెగ్గడం కావలసివచ్చింది.

ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌కి ఉన్నదున్నట్టు రాశాను. మార్కర్ నాదేనని, అబద్ధమూ నాదేనని. 709 తిరిగి పంపుతానని. ఆయన వద్దన్నాడు. రంగు పూసినదాన్ని వెనక్కి పంపించి, “మీ దగ్గర పూయనిది ఏదైనా ఉంటే ఇవ్వండి” అన్నాడు. సెట్టులో నాకోసం ఉంచుకున్న క్లెమెంటే తీసి పంపాను. ఏ మూల ఎంత అరిగిందో, వెనక మరక ఎక్కడుందో అన్నీ రాశాను. నా సెట్టులో 630వ చోట ఇప్పుడు ఆ నల్లరంగు కార్డే ఉంది. ఎవరు చూసినా సంగతి చెప్పే చూపిస్తున్నాను.

ఆయనా నేనూ ఇప్పటికీ కార్డులు మార్చుకుంటూనే ఉన్నాం. నాకింకా కొన్ని నంబర్లు కావాలి, అన్నీ 644 పైవే. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ళ ఇంట్లోనో 1971 టాప్స్ కార్డులుంటే నాకు రాయండి. మూలలు అరిగినా, మడత పడినా తీసుకుంటాను. అరిగిందని ఒక్క ముక్క రాసి పంపండి.