చేతులు చాపిన ఆపిల్ చెట్టు

ఇంగ్లండులో మా అబ్బాయి పెరట్లో ఉన్న ఆపిల్ చెట్టుకి వీపూ పొట్టా లేవు. కుడి పక్క, ఎడమ పక్క మాత్రమే ఉన్నాయి. ఇల్లు అమ్మిన వాళ్ళు చెక్క కంచె ముందు ఇనుప తీగలు వరసగా లాగి, కొమ్మలన్నిటినీ వాటికి అడ్డంగా కట్టి పెంచారు. డ్రిల్లు మాస్టారు "చేతులు చాపు" అని, "దించు" అనడం మరిచి ఇంటికెళ్ళిపోయినట్టు నిలబడి ఉంటుంది. ఎస్పాలియర్ అంటారట.

"ఏం తప్పు చేసిందిరా పాపం, ఇలా నిలబెట్టారు?" అంది మా ఆవిడ.

"శిక్ష కాదమ్మా, కాపు కోసం" అన్నాడు వాడు. నిటారుగా పోయే కొమ్మకి పైకెళ్ళడం మీదే ధ్యాస. దాని కొనమొగ్గ కింది మొగ్గల్ని ఎదగనివ్వదు. అడ్డంగా వంచితే ఆ జోరు తగ్గి, పొడవునా పూమొగ్గలు వేస్తుంది. ఇది విని మా ఆవిడ నావైపు ఎందుకు చూసిందో నాకు తెలీదు.

ఒక్కసారిగా వంచరు. లేతకొమ్మని వేసవంతా వెదురుకర్రకి కట్టి 45 డిగ్రీల వాలులో పెరగనిచ్చి, నవంబరులో తీగ మీదికి దించుతారు. తీగకీ తీగకీ మధ్య మూరెడు ఎడం, ఏడాదికి ఒక అంతస్తు. మొక్కై వంగనిది మానై వంగదన్నది మనం. మనం దాన్ని పిల్లల మీద ప్రయోగిస్తే, వీళ్ళు మొక్క మీదే ప్రయోగించారు.

ఆగస్టులో కత్తిరింపు. అడ్డకొమ్మ మీద కొత్తగా లేచిన రెమ్మకి మొదట్లో ఉన్న ఆకుల గుత్తి వదిలేసి, ఆపైన మూడాకులు ఉంచి కోసెయ్యాలి. మా వాడు కత్తెర నా చేతికిచ్చి మీటింగుకి పోయాడు. నేను ఆకులు లెక్కపెడుతుంటే పొరుగాయన కంచె మీంచి తొంగి చూసి, "లవ్లీ డే" అన్నాడు. చినుకులు పడుతున్నాయి.

ఈ విద్యకి రాజవైభోగం వెర్సాయిలో పట్టింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కోసం 1678 నుంచి 1683 దాకా బురదనేలలో మట్టి నింపి తోట వేసినాయన లా కేంతినీ. చదివింది న్యాయశాస్త్రం. గోడల వెంట బేరిచెట్లు పెంచాడు. పగలు ఎండ తాగిన గోడ రాత్రి వెచ్చదనం ఇస్తుంది కనక చలిదేశంలోనూ కాయ పండుతుంది. వకీలు చేతిలో పడ్డాక చెట్టయినా గోడకి ఆనుకోక తప్పుతుందా? మా రాజమండ్రిలో మాత్రం మే నెల గోడకి ఆనిస్తే కాయ చెట్టునే ఉడుకుతుంది.

పొరుగాయన పెరట్లో ఉన్నది బ్రామ్లీ ఆపిల్. ఏపుగా పెరుగుతుంది, కొమ్మల కొనల్లోనూ కాస్తుంది. కొనలు కోస్తే కాపు కొంత పోతుంది కనక దాన్నెవరూ తీగకి కట్టలేదు. ఇష్టమొచ్చినట్టు పెరిగి మా వైపు కాయలు రాలుస్తుంది. పులుపంటే పులుపు. వాళ్ళు పంచదార పోసి వండుకుంటారు. మా ఆవిడ ముక్కలు కోసి, మామిడికాయ బదులు పప్పులో వేసింది. కంచె ఇవతల క్రమశిక్షణతో కాసిన తియ్యటి కాక్స్ రకం ఆపిల్ పళ్ళని ఆ రోజు ఎవరూ ముట్టుకోలేదు.

సెప్టెంబరు ఆఖరుకి ఇంగ్లండు వచ్చే అమ్మానాన్నలకి మనవి: మెంతులు, ఎండుమిర్చి తెచ్చుకోండి. మామిడికాయలకి సూట్‌కేసులో చోటు పెట్టకండి, బ్రామ్లీ ఉంది.