ఫ్లెక్సీలో ఉన్నాయన

ఉగాదికి కల్లూరు చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురదలో బండ్లు తిరగడం అయిపోయింది. మ్యూజికల్ నైట్ ఫ్లెక్సీలు మాత్రం రోడ్డు పొడుగునా ఇంకా నిలబడే ఉన్నాయి. హైదరాబాదు సినిమా గాయకుడి మొహం నిలువెత్తున, కింద మూలకు చీమ తలకాయంత అక్షరాల్లో 'వారి గొంతులో పాడువారు' అని ఇంకో పేరు. ఆ పేరు కల్లూరు ఆర్కెస్ట్రా గాయకుడిది.

కర్నూలులో లాయరుగా ఉన్న ఆయన అన్న కూతురు అది చూసి హంద్రీ దాటి నేరుగా ఇంటికే వచ్చింది.

"చిన్నాయనా, ఇది మోసం. తప్పుదోవ పట్టించే ప్రకటన అని 2019 వినియోగదారుల చట్టం చెప్పేది దీన్నే. 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షలు. మూలన చిన్నగా వేసినాం అంటే కుదరదు. పైన చెప్పిన మాట ఏ అక్షరాల్లో ఉందో వివరణా ఆ అక్షరాల్లోనే ఉండాలని 2022లో మార్గదర్శకాలు ఇచ్చినారు."

"ఫ్లెక్సీ వేయించింది నేను కాదు గదమ్మా."

"టికెట్ కొన్నోళ్లు చూసేది నిన్నే గదా."

అమెరికా సంగతీ చెప్పింది. అక్కడ ప్లాటర్స్, డ్రిఫ్టర్స్ వంటి పాత బృందాల పేర్లు తగిలించుకుని, ఆ రికార్డుల్లో ఒక్క పాటా పాడనివాళ్లు కచేరీలు చేస్తుంటే, జాన్ బామన్ అనే గాయకుడు, సుప్రీమ్స్ బృందపు మేరీ విల్సన్ దాన్ని ఆపే చట్టం కోసం పట్టుబట్టి తిరిగారు. 30కి పైగా రాష్ట్రాల్లో చట్టం వచ్చింది. ఒకరి పాట ఇంకొకరు పాడితే తప్పు లేదు. పాడేది ఎవరో దాచిపెట్టి టికెట్ అమ్మడమే తప్పు.

చిన్నాయనకు ఆ మాట బాగా తగిలింది. తరువాతి కచేరీకి తన ఫొటో, తన పేరే వేయాలన్నాడు. "నీ మొహం చూసి నూరు టికెట్లు కూడా తెగవబ్బా" అన్నాడు కచేరీ పెట్టించే ఆయన. అయినా పట్టు వదల్లేదు.

సగం కుర్చీలు ఖాళీ. నిజం చెప్పినందుకు ఆ నష్టం భరించాల్సిందే. ఆయన మాత్రం ప్రాణం పెట్టి పాడాడు. వచ్చినవాళ్లు ఒన్స్ మోర్ అని అరిచారు.

అందరూ వెళ్లాక, చూపు ఆనని అవ్వ ఒకామె స్టేజీ మెట్ల దగ్గర టికెట్ ముక్క పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు రామాలయం భజనలో ఆయన పాడితే తాళం వేసిన మనిషి.

"పాట ఎట్లుంది అవ్వా?"

"బాగుందిలే నాయనా. ఆ సినిమాయన గొంతు టీవీలో దినామూ ఇంటానే ఉండా. మా భజన పిల్లోని పేరు ఫ్లెక్సీలో ఉందని మనవడు చదివి చెప్తే, వాని గొంతు ఇందామని దుడ్లు పెట్టుకోని వచ్చినా. వాడు రాకనేపాయె. ఇది మోసం గాదా?"

"నేనే అవ్వా వాణ్ణి."

"వాడివే అయితే ఒక పాట పాడు."

ఆయన చిన్ననాటి భజన పాట ఎత్తుకున్నాడు. పల్లవి ముగియకముందే అవ్వ టికెట్ ముక్క ముందుకు చాపింది.

"నా దుడ్లు నాకియ్యి నాయనా."