నలభై నిమిషాల మహోపకారి

తెలుగు సభలో వక్తను ఆపగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. చీటీ పంపితే చదివి జేబులో పెట్టుకుంటాడు. గంట కొడితే చప్పట్లనుకుంటాడు. కరెంటు పోతే మైకు లేకుండానే కానిస్తాడు. అలాంటివాణ్ణి వాక్యంలో ఇంకా క్రియ రాకముందే నిలిపేసిన ఘనత జూమ్ ఉచిత ఖాతాది. నలభై నిమిషాలు, అంతే. ఆ తర్వాత అధ్యక్షుడూ లేడు, ఆత్మీయ అతిథీ లేడు. మన సాహిత్యానికి ఇంత మేలు చేసిన విమర్శకుడు మరొకడు నాకు కనపడడు.

2019 డిసెంబరులో రోజుకు కోటి ఉన్న జూమ్ హాజరు, 2020 ఏప్రిల్‌కి 30 కోట్లు దాటిందన్నారు. ఒకే మనిషి మూడు మీటింగుల్లో కూర్చుంటే మూడుగా లెక్కేసే లెక్క అది. మన సాహితీ సంఘాల హాజరుపట్టీ వాళ్లకెవరు చూపించారో!

ఆదివారం హైదరాబాదులో సాయంత్రం ఆరున్నరకి సభ. ఈ వేసవిలో అయితే అప్పుడు డల్లాస్‌లో ఉదయం ఎనిమిది, మెల్‌బోర్న్‌లో రాత్రి పదకొండు. పూర్వం అంతర్జాతీయ సదస్సంటే వీసా కావాలి, ఇప్పుడు ఆస్ట్రేలియాలో కొడుకుంటే చాలు. మొదటి పది నిమిషాలూ ‘వినబడుతోందా?’, ‘మీరు మ్యూట్‌లో ఉన్నారండీ’ అనే సంవాదంతో సరి. తర్వాత ప్రార్థన. గాయని గొంతు వణికితే అది గమకమో సిగ్నలో తేలదు కాబట్టి అందరం ఆహా అంటాం. ఆపైన జ్యోతి ప్రజ్వలన వీడియో. నిర్వాహకుడు స్క్రీన్ షేర్ చేయగానే దీపం బదులు ఆయన వాట్సాప్ వెలుగుతుంది. అతిథి పరిచయం అతిథి పుట్టిన ఊరి నుంచి మొదలై ఇంకా డిగ్రీ దగ్గరికి రాదు. నలభయ్యో నిమిషాన ముఖ్య వక్త గొంతు సవరించుకుని ‘ముందుగా...’ అంటారు. ఆ మాటతోనే సభ సమాప్తం. మళ్లీ అదే లింకు నొక్కి రమ్మని గ్రూపులో మెసేజ్ వస్తుంది. సగం మంది సిగ్నల్ లేదంటారు, అదీ ఫుల్ సిగ్నల్‌తో.

అవధానాలకు మాత్రం జూమ్ బాగా కలిసొచ్చింది. అప్రస్తుత ప్రసంగానికి పృచ్ఛకుణ్ణి వెతకనక్కర్లేదు, మ్యూట్ చేయడం మరిచిన ఏ ఇంటి నుంచైనా ‘పాల ప్యాకెట్ ఎక్కడ పెట్టావే?’ అని వినిపిస్తుంది. ఘంటాగణనానికి కుక్కరు విజిల్స్ ఉన్నాయి. అవధాని ఎన్ని విజిల్స్ అయ్యాయో చెప్పకపోతే ఆ ఇంట్లో పప్పు మాడుతుంది.

ఇక శ్రోతలు. కెమెరా కట్టేసి పేరు మాత్రం వదిలిపెట్టే విద్య వీళ్లకి మనవలు నేర్పారు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, టీవీలో పాఠం చెబుతున్న పంతుల్ని ఆపి ప్రశ్న అడిగేదెలా అని చాలామంది బాధపడ్డారు. పాపం, వాళ్లెప్పుడూ మన సాహితీ సభలకు వచ్చినవారు కారు.

ఇంట్లో కూర్చుని లోకాన్ని నడపొచ్చని నేర్పిన జూమ్ కంపెనీయే 2023 ఆగస్టులో, 50 మైళ్ల లోపు ఉంటున్న తన ఉద్యోగుల్ని వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మంది. మన సంఘాలూ హాళ్లకు తిరిగొచ్చాయి, కానీ జూమ్‌ని వదల్లేదు. ఇప్పుడు సభ రెండు చోట్లా ఖాళీగా జరుగుతోంది. అక్కడితో ఆగినా బాగుండేది. చందాలు పోగేసి డబ్బు కట్టే ఖాతా కొందామని కొన్ని కార్యవర్గాలు తీర్మానం చేస్తున్నాయట. అలా కొంటే ఒక మీటింగు ఏకబిగిన 30 గంటలు నడుస్తుంది.

ముప్పై గంటలు. అదీ మన వక్త చేతికి.

కోశాధికారులారా, మీకు దణ్ణం పెడతాను. ఆ చందా డబ్బుతో శాలువాలు కొనండి, పులిహోర పెట్టించండి, ఫ్లెక్సీలో మీ ఫొటో ఇంకాస్త పెద్దది చేయించుకోండి. ఆ ఖాతా మాత్రం కొనకండి.