కాఫీ మీద అలక

అమెరికాలో తుపాకీరాయుళ్లు అలిగారు. ‘మా పిస్తోలుకు చోటులేని కొట్టుకు మా డాలరూ రాదు’ పొమ్మంటున్నారు. సరే, డాలరు వారిది, అలకా వారిదే. పాపం కొట్టువాడి పాట్లు చూడండి. టెక్సాస్‌లో ‘తుపాకులు వద్దు’ అని బోర్డు పెట్టాలన్నా చట్టంలో ఉన్న మాటలే రాయించాలి. అదీ ఇంగ్లిషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాల్లో. ఇంత బోర్డు పెట్టాక బేరాల సంగతి దేవుడెరుగు!

2013 సెప్టెంబరులో స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ నిషేధం జోలికే పోలేదు. ‘దయచేసి తేకండి’ అని బతిమాలుకున్నారు, అంతే. ఆ ముందు నెలలోనే తుపాకులు తగిలించుకొచ్చి మరీ ఆ కాఫీ కొట్లకు ‘అభినందన దినం’ జరిపినవారిలో కొందరికి ఆ కాఫీయే చేదెక్కింది.

మరి 2022 మేలో హ్యూస్టన్‌లో జాతీయ రైఫిల్ సంఘం మహాసభ మాటేమిటి? ట్రంప్ ప్రసంగించే హాల్లోకి తుపాకులు తేవద్దన్నారు. సీక్రెట్ సర్వీస్ హుకుం! తుపాకీ భక్తులు ఉత్తచేతులతో బుద్ధిగా లోపలికెళ్లి చప్పట్లు కొట్టొచ్చారు. ఆ సంఘం మీద బహిష్కరణ కరపత్రం బహుశా ఇంకా అచ్చులోనే ఉన్నట్టుంది.